పెద్దప్రేగు వ్రణవ్యాధి — దాని యుపద్రవములు



నేటి సాయంకాలము నేను ప్రస్తావింపబోవు విషయము నలుగురిలో మాటలాడుటకు మనవారు జంకునట్టిది. మలముతో నెత్తురు పడుచున్నదని యింటిలో నెవ్వరైన చెప్పిన తోడనే వినవచ్చు సమాధానములు రెండు. "వేడి చేసినది" అని యొకరందురు. "మొలలై యుండును" అని మరియొకరందురు. వేడికి సబ్జాగింజల నీరును, మొలలకు ఎవరో చెప్పిన పసరును వాడుచుండగా నెల గడచును, రెండు నెలలు గడచును. పెక్కుమందిలో అవి నిజముగనే మొలలగుటచేత ఈ యలవాటు మనలో పాదుకొన్నది. కాని ఈ రెండును గాని మూడవది యొకటి కలదు. దానిని వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అందురు. తెలుగున పెద్దప్రేగు వ్రణవ్యాధి యని చెప్పుకొందము. అది ముదిరి తీవ్రరూపము దాల్చినపుడు పుట్టెడి యుపద్రవములను గూర్చి మీకు మనవి చేయదలచితిని.

ఈ వ్యాధి హెచ్చుగా పట్టునది 20 మొదలు 40 ఏండ్ల వయసు వారిని. అట్లుండగా ఈ మాటలు పెద్దలకు చెప్పుట యెందులకని మీరడుగవచ్చును. రోగి పడుచువాడే యైనను, ఆసుపత్రికి పయనము కట్టించువారు పెద్దలు. బండి మాటలాడువారు, రొక్కము సమకూర్చువారు, శస్త్రచికిత్సకు ఒప్పుకొనవచ్చునా కూడదా యని చివరిమాట చెప్పువారు మీరే. ఈ వ్యాధి తీవ్రదశలో గడియలకు లెక్క యున్నది. ఆ లెక్క రోగికంటె మీకు తెలిసియుండుట ముఖ్యము.

ముందుగా ప్రేగు సంగతి. మన పెద్దప్రేగు ఇంచుమించు మూడు మూరల పైచిలుకు పొడవు గలది. చిన్నప్రేగు అన్నసారమును గ్రహించిన పిమ్మట మిగిలిన పలుచని పదార్థమునుండి నీటిని, ఉప్పును పీల్చి శరీరమునకు మరల నందిచ్చుట దీని పని. వ్రణవ్యాధిలో ఈ ప్రేగు లోపలి పొర ఎఱ్ఱబడి, వాచి, పుండ్లు పడును. పుండు మలద్వారమునకు సమీపమున మొదలై, నడుమ విడుపు లేక, పైకి ప్రాకును. కొందరికి అడుగు భాగముననే నిలిచిపోవును. కొందరికి ప్రేగంతయు వ్యాపించును. శరీరమును కాపాడుటకై యున్న రక్షకబలమే దారి తప్పి స్వంత ప్రేగుమీద పడుటచేత ఇట్లగుచున్నదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఇది యంటువ్యాధి కాదు. ఒక కంచమున తినుటచేత రాదు. ఎవరి పాపమువలనను, ఎవరి దిష్టివలనను రాదు. మిరపకాయలు తినుటచేతనే వచ్చినదని కోడలిని నిందించు అత్తగారిని నేనెరుగుదును. ఆ నిందకును ఆధారము లేదు.

ఇది పడమటి దేశముల జబ్బనియు, మన పట్నవాసులకు తప్ప పల్లెటూరివారికి రాదనియు చాలకాలము తలచుచుండిరి. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కడుపుబాధలు గల 30,000 మందికి మించిన వారిని గొట్టముతో పరీక్షించి 2023లో ప్రకటించిన పరిశీలనలో ఈ జాతి ప్రేగువ్యాధులు పల్లెవారిలోను కానవచ్చినవి. కావున "మన యూళ్లలో అట్టి జబ్బు లే"దను మాట నిక నిలువదు.

రోగులందరికిని ఇది ప్రాణాపాయకరమని నేను భయపెట్టుట లేదు. స్వీడను దేశమున నన్నా స్వార్ట్జ్ అను వైద్యురాలు కీళ్లనొప్పులకని తయారుచేయించిన సల్ఫసలజీను అను మందు ఈ ప్రేగుపుండ్లకు పనిచేయుచున్నదని కనిపెట్టి 1942లో ప్రకటించెను. ఆ మందును, దాని సంతతికి చెందిన మాత్రలును వాడుకొనుచు పొలముపనులు చేసికొనువారు, బడిపంతుళ్లు, బిడ్డలతల్లులు ఎందరో కలరు. వ్యాధి కొన్నాళ్లు అణగియుండును, కొన్నాళ్లు తలయెత్తును. కాని వ్యాధిగ్రస్తులలో నూటికి 15 నుండి 25 మందికి ఎప్పుడో యొకప్పుడు అది ఉధృతమై ఆసుపత్రిలో పడకవేయవలసిన స్థితి వచ్చును. నా ప్రసంగమంతయు ఆ పడకను గూర్చియే.

ఈ తీవ్రదశ యెంత భయంకరముగ నుండునో తెలుపు పాత కథ యొకటి కలదు. 1859వ సంవత్సరమున లండను సమీపమందలి రిచ్‌మండులో ఇసబెల్లా బ్యాంక్స్ అను స్త్రీ వారములకొలది విరేచనములతోను వాంతులతోను కృశించి మరణించెను. ఆమెను చేపట్టిన థామస్ స్మెథర్స్ట్ అనువాడు వైద్యుడు. అంతకుముందే మరియొక భార్య గలవాడు. ఇంకేమున్నది! విషము పెట్టినాడని అతనిని పట్టుకొనిరి. పరీక్షలో పాషాణము కనబడినదని ప్రసిద్ధుడైన యొక రసాయనశాస్త్రజ్ఞుడు చెప్పెను. తీరా చూడగా ఆ పాషాణము పరీక్షకు వాడిన రాగి తీగెలోనిదని తేలినది. అయినను న్యాయస్థానము మరణశిక్ష విధించెను. వైద్యులనేకులు ఆక్షేపింపగా, ప్రభుత్వము బెంజమిన్ బ్రోడీ యను శస్త్రవైద్యుని యభిప్రాయ మడిగి, తుదకు అతనిని క్షమించి విడిచెను. రెండవ పెండ్లి నేరమునకు మాత్రము ఒక సంవత్సరము చెరసాల తప్పలేదు. ఆ సందర్భమున శామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు మృతురాలి ప్రేగులను చూచి, వాని వాపును, పుండ్లను వర్ణించుచు పత్రికకు లేఖ వ్రాసెను. పెద్దప్రేగు వ్రణవ్యాధి యను పేరు వైద్యగ్రంథములలో ప్రవేశించినది ఆ లేఖతోనే యని చెప్పుదురు. ఆమెది దానికి దాయాదియైన క్రోన్స్ వ్యాధి యై యుండవచ్చునని తరువాతివారు కొందరనిరి. ఏదియైన నేమి, ప్రేగుపుండు మనిషిని ఎంత వేగముగ హరించినదనగా చూచినవారికి అది విషప్రయోగమువలె తోచినది.

ఇక తీవ్రదశను గుర్తించుట యెట్లు? ఆక్స్‌ఫర్డునందు ట్రూలవ్, విట్స్ అను ఇరువురు వైద్యులు 1955లో ఒక కొలత నేర్పరచిరి. అది నేటికిని చెల్లుచున్నది. పల్లెలో కూర్చుండియే సగము కొలువవచ్చును. దినమునకు ఆరుగాని, అంతకు మించిగాని నెత్తుటి విరేచనములగుట మొదటిది. దానికి తోడు జ్వరము 100 డిగ్రీలు దాటుట, నాడి నిమిషమునకు 90 దాటి కొట్టుకొనుట, రక్తహీనత, ఈ మొదలైన వానిలో నేదో యొకటి యున్నను చాలును. రాత్రి నిద్రనుండి లేచి రెండు మూడు మారులు పరుగెత్తుట కూడ చెడ్డ గురుతే. జ్వరమాని యొకటి యింట నుంచుకొనుడు. నాడి చూచుటకు గడియారమొకటి చాలును. ఈ గురుతులున్న రోగిని ఊరి డాక్టరుచేత రెండు సెలైను సీసాలు ఎక్కించి "నీరసము తగ్గినది" అని యింట నుంచుట కూడదు. ఆ దినముననే 108 బండిని పిలిపించి, శస్త్రవైద్యుడు కూడ నున్న పెద్ద యాసుపత్రికి చేర్పవలయును.

ఎందులకింత తొందర? ఉపద్రవములన్నిటిలోను మీరు మొదట నెరుగవలసినది ప్రేగు ఉబ్బుట. పుండు లోపలి పొరలో నున్నంతకాలము నెత్తురు, చీము, బంక పడును. అది లోతునకు దిగి కండపొరను ముట్టినపుడు ప్రేగునకు పక్షవాతము వచ్చినట్లగును. ముడుచుకొనుట మాని, వాయువుతో నిండి, బుడగవలె సాగును. దీనికి టాక్సిక్ మెగాకోలన్ అని పేరు. ఎక్స్‌రేలో ప్రేగు అడ్డుకొలత 6 సెంటీమీటర్లకు, అనగా రెండంగుళముల పైచిలుకునకు చేరి, రోగికి జ్వరము, నాడివేగము ఉన్నచో అది ఈ యుపద్రవమే. ఇందలి మోసము వినుడు. పదిసారులు పోవుచున్న విరేచనములు ఒక్కనాట రెండుకో మూడుకో దిగును. ఇంటిలోనివారు "దేవుని దయవలన కట్టినది" అని సంతోషింతురు. అది కట్టుట కాదు, తోయువాడు పడిపోయినాడు. ప్రక్కనే చూడుడు: కడుపు ఉబ్బి బిగిసియుండును, రోగి ముఖము వాడి మగతగా నుండును. పశువునకు కడుపుబ్బినపుడు మీరేమి చేయుదురు? నెమరు మానినది, ఎడమ డొక్క లేచినది అని చూచిన రైతు తెల్లవారువరకు ఊరకుండునా? ఆ తొందర బిడ్డ విషయమునను చూపవలయును.

ప్రేగు ఇట్లు ఉబ్బుటకు కొన్ని మారులు మన చేతులే కారణములు. విరేచనములు కట్టుటకు పూర్వము నల్లమందు మ్రింగించెడివారు. నేడు నల్లమందు బదులు మందుల దుకాణమున లోపెరమైడు మాత్రలు దొరకుచున్నవి. సామాన్యమైన నీళ్లవిరేచనములకు అవి పెద్దవారికి పనికివచ్చిన రావచ్చును. కాని తీవ్రముగ పుండ్లుపడిన ప్రేగును అవి మరింత స్తంభింపజేయును. కడుపునొప్పికి వాడు కొన్ని పట్టుమందులును, నల్లమందు జాతికి చెందిన నొప్పిమందులును అట్టివే. ఒంటినొప్పులకు అలవాటుగ మ్రింగు ఐబుప్రొఫెను, డైక్లోఫెనాకు వంటివి అణగియున్న పుండును లేపగలవు. విరేచనములతో పొటాసియము అను లవణము శరీరమునుండి పోవుటచేతను ప్రేగు బలము తప్పును. దానిని రక్తపరీక్షతో తెలిసికొని తిరిగి యెక్కించుట ఆసుపత్రిలో మొదటి పనులలో నొకటి.

ఉబ్బిన ప్రేగును అట్లే యుంచినచో ఏమగునో చెరువుగట్టు క్రింద కాపురమున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పలుచబడినచోట గండి పడును. మలము, సూక్ష్మక్రిములు కడుపు కుహరములోనికి చిమ్మును. అప్పుడు ప్రాణాపాయము అనేక రెట్లు పెరుగును. ఇక్కడ మరియొక చిక్కు కలదు. ప్రేగునకు గండిపడినచో కడుపు బల్లవలె గట్టిపడునని, ముట్టనీయని నొప్పి యుండునని మీరు వినియుందురు. స్టెరాయిడు మందులు పడుచున్న రోగిలో ఆ నొప్పి, ఆ గట్టితనము మరుగుపడియుండవచ్చును. రోగి నెమ్మదిగ పండుకొనియున్నాడని మనము మోసపోవుదుము. అందుచేతనే ఆసుపత్రిలో వైద్యులు దినదినము కడుపు తడిమి చూచుట, మరల మరల ఎక్స్‌రే తీయించుట. "ఊరక ఫొటోలు తీసి డబ్బు గుంజుచున్నారు" అను మాట ఆసుపత్రి వరండాలలో తరచు వినబడును. ఈ యొక్క వ్యాధిలో మాత్రము ఆ మాటను ఉపసంహరించుకొనుడని నా ప్రార్థన.

నెత్తురు ధారగ పోవుట మరియొక యుపద్రవము. అది అరుదు, కనబడునది గనుక దానికి మీరే భయపడి పరుగెత్తుదురు. కనబడనిది వేరొకటి. నెత్తురు కారుచున్న ఈ రోగికే కాలి నరములలో నెత్తురు గడ్డకట్టును! వినుటకు విపరీతముగ నున్నను నిజము. ప్రేగువాపు రక్తమును గడ్డకట్టు స్వభావము గలదానిగ మార్చును. పడకయు, నీరు తగ్గుటయు దానికి తోడ్పడును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులలో చిక్కినచో గడియలో ప్రాణము పోవచ్చును. కావుననే వైద్యులు నెత్తురు పడుచున్న రోగికిని హెపారిను అను గడ్డకట్టనీయని సూది నిత్యము పొడుతురు. చదువుకొన్న బంధువులే దీనికి అడ్డుతగిలి, "ఉన్న నెత్తురు పోవుచుండగా పలుచబరచు మందా?" అని నర్సుతో కలహించుట కలదు. కలహింపవలదు. ఒక కాలు మాత్రము వాచినను, ఆయాసము వచ్చినను ఆ నర్సునకే ముందుగ చెప్పుడు.

మన దేశమున ఇంకొక జాగ్రత్త వలయును. అమీబా అను క్రిమివలన కలుగు జిగటవిరేచనములు చూచుటకు అచ్చముగ ఇట్లే యుండును. దానిని వ్రణవ్యాధియని పొరబడి స్టెరాయిడు లిచ్చినచో ప్రేగు చిల్లులు పడవచ్చును. కావున మలపరీక్ష కాకుండ స్టెరాయిడు మొదలుపెట్టించుకొనవలదు. తీవ్రదశలో పొడుగు గొట్టమును లోనికి పంపుట అపాయము గనుక, వైద్యులు చిన్న గొట్టముతో అడుగు భాగము మాత్రము చూచి చిన్న ముక్క తీసి పరీక్షింతురు. ఇంట నెవరికైన క్షయ యుండెనా యని కూడ నడుగుదురు. దాచవలదు. తరువాత ఈయవలసి వచ్చు కొన్ని మందులు నిద్రించుచున్న క్షయను మేల్కొల్పగలవు.

ఇంటివారు చేయు పథ్యము మాట కూడ ఇక్కడనే చెప్పెదను. నెత్తురు, మాంసము కరగిపోవుచున్న మనిషిని గంజినీళ్లపై మాడ్చుటవలన ప్రేగునకు విశ్రాంతి కలుగునను నమ్మకము ఈ వ్యాధిలో ఋజువు కాలేదు. వైద్యుడు వలదన్ననే తప్ప మెత్తని యన్నము, పప్పుకట్టు, కోడిగ్రుడ్డు పెట్టవచ్చును.

ఇక చికిత్సాక్రమము. 1950 తరువాత స్టెరాయిడులు వచ్చువరకు తీవ్రదశలో పడినవారిలో ముగ్గురికొక్కరు వరకు మరణించెడివారు. నేడు మంచి వైద్యము సకాలమున నందినచోట మరణము నూటికి ఒకటికి దిగినది. స్టెరాయిడు సూదులు మొదలుపెట్టిన పిమ్మట మూడవనాడు లెక్క చూతురు. ఇది గుర్తుంచుకొనుడు: మూడవనాడు. ముగ్గురిలో ఇద్దరికి గుణము కనిపించును. మిగిలిన యొకరికి కనిపింపదు. ఆక్స్‌ఫర్డు వైద్యులు 1996లో ప్రకటించిన దానినిబట్టి, మూడవనాటికిని ఎనిమిది విరేచనములు దాటుచున్న వారిలోను, అంతకు తగ్గినను రక్తములో వాపు గురుతు హెచ్చుగ నున్న వారిలోను నూటికి 85 మందికి ఆ మారే ప్రేగు తీయవలసి వచ్చినది. తరువాత సైక్లోస్పోరిను, ఇన్‌ఫ్లిక్సిమాబు అను రెండవ శ్రేణి మందులు వచ్చి అందులో పెక్కుమంది ప్రేగులను దక్కించినవి. వానికిని గడువు కలదు. వారము లోపల గుణము లేనిచో, లేదా ఉబ్బుగాని గండిగాని నెత్తుటిధారగాని కనిపించినచో, మిగిలినది శస్త్రచికిత్స యొక్కటే.

ఇక్కడనే పెద్దల మాట అవసరమగును. ఇక్కడనే ఆలస్యము జరుగును. ఒక యింటివారు నాతో "అమావాస్య వెళ్లనిండు, పెదమామగారు రానిండు" అనిరి. మరియొకరు "ప్రేగు తీసినపిమ్మట పిల్లకు పెండ్లి యెట్లగును?" అని యడిగిరి. రెండవ ప్రశ్న నాకు కోపము తెప్పింపలేదు; అడుగదగినదే. దానికి సమాధానమిది. పెద్దప్రేగు లేకుండ మనిషి బ్రతుకును. అన్నసారమును గ్రహించునది చిన్నప్రేగు; అది యుండనే యున్నది. దాని కొనను పొట్టమీదికి తెచ్చి చిన్న సంచి తగిలింతురు. ఆ కొనను వెలుపలికి మడచి చర్మము పుండుపడకుండ కుట్టు పద్ధతిని బర్మింగ్‌హాములో బ్రయన్ బ్రూక్ 1952లో తెలిపెను. అప్పటినుండి ఆ జీవనము సులువైనది. చీర క్రిందగాని చొక్కా క్రిందగాని సంచి కనబడదు. లండనులో పార్క్స్, నికల్స్ అను శస్త్రవైద్యులు 1978లో చిన్నప్రేగు చివరనే తిత్తిగ కుట్టి మలద్వారమునకు కలుపు పద్ధతిని ప్రకటించిరి. కొన్ని నెలల పిమ్మట, ఒడలు కోలుకొన్నవారిలో పెక్కుమందికి ఆ పద్ధతిచే సంచి తీసివేయవచ్చును. ఇట్టివారు పెండ్లిండ్లు చేసికొనిరి, బిడ్డలను కనిరి, నాగలి పట్టిరి. అమావాస్యకు ముందు, ఒంటిలో సత్తువ యుండగా చేసిన శస్త్రమునకును, గండిపడిన పిమ్మట అర్ధరాత్రి చేసినదానికిని గల తేడా బ్రతుకునకు చావునకు గల తేడాయే. సంచి గలవారు వేసవిలో మాత్రము నీటిని, ఉప్పును హెచ్చుగ పోగొట్టుకొందురు. ఉప్పు వేసిన మజ్జిగయు, ఓ.ఆర్.ఎస్. నీరును వారికి వైద్యుడు చెప్పిన కొలతలో అందుచుండవలయును.

దూరకాలపు ఉపద్రవములను రెండు మాటలలో ముగింతును. కీళ్లవాపు, కన్నెఱ్ఱబడి నొప్పియగుట, కాళ్లమీద నొప్పిగల ఎఱ్ఱని కణుతులు, కామెర్లు, ఇవి యన్నియు ఈ ప్రేగువ్యాధికి చుట్టములు కావచ్చును. కంటివైద్యునికి, కీళ్లవైద్యునికి వ్యాధి పేరు చెప్పవలయును. ప్రేగు చాలభాగము పుండుపడి ఎనిమిదేండ్లు గడచినవారికి అచ్చట పుట్టకురుపు, అనగా క్యాన్సరు, పుట్టు భయము పెరుగును. కావున నెత్తురు పడకున్నను, బాగుగ నున్నను, వైద్యుడు చెప్పిన గడువున గొట్టపు పరీక్ష చేయించుకొనవలయును.

ఇంటికి వచ్చిన పిమ్మట స్టెరాయిడు మాత్రలను మెల్లమెల్లగ తగ్గించి మానవలయునే కాని, "ఒళ్లు వాచుచున్నది" అని యొక్కసారి పారవేయరాదు. కొంతకాలము వాడిన శరీరము తన స్వంత రసమును చేయుట మరచియుండును. ఒక్కసారి మానినచో రోగి సొమ్మసిల్లి ప్రమాదమున పడును. అట్టి రోగి యున్న యింట ఒక కాగితము గోడకు తగిలించియుంచుడు. దానిపై వ్యాధి పేరు, వాడుచున్న మందుల పేర్లు, వాని మోతాదు, మొదలుపెట్టిన తేదీ వ్రాయుడు. వ్యాధి తలయెత్తిన దినమునుండి ఎన్ని విరేచనములు, ఎన్నింట నెత్తురు, జ్వరమెంత, నాడి యెంత యని దినమున కొక వరుస చేర్చుచుండుడు. 108 బండి యెక్కునపుడు ఆ కాగితము రోగి వెంట నుండవలయును. రాత్రివేళ చేర్చుకొను వైద్యుడు మొట్టమొదట నడుగునవి ఆ సంగతులే.